క్లాస్ సివా, ఏన్షియంట్ హిస్టరీయా, లాటినా: ఏ-లెవెల్‌లో ఏది తీసుకోవాలి?

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా మరిది ఫోన్ చేశాడు. వాళ్ళుండేది లండన్ పక్కనున్న స్లౌలో. కూతురు ఇయర్ 11. సిక్స్త్ ఫామ్‌కి (మన ఇంటర్ లాంటి రెండేళ్ళ ఏ-లెవెల్ చదువు) ఆప్షన్లు ఇవ్వాల్సిన వారం. "మ్యాథ్స్, కెమిస్ట్రీ సరే వదినా. మూడోది క్లాసికల్ సివిలైజేషన్ అంటోంది. అదేం సబ్జెక్టండీ? చరిత్రా, పురాణ కథలా? బయాలజీ పెట్టుకోమంటే ముఖం ముడుచుకుంటోంది. మీ అమ్మాయి అదే చదివింది కదా, మీరే చెప్పండి."

అరగంట చెప్పాను. పెట్టేశాక గుర్తొచ్చింది, ఈ నాలుగేళ్ళలో ఇదే ప్రశ్న నన్ను ఆరేడుగురు తెలుగువాళ్ళు అడిగారు. మళ్ళీ మళ్ళీ చెప్పేకన్నా రాసిపెట్టడం నయం. మా పెద్దమ్మాయి చదివింది క్లాస్ సివ్ (స్కూల్లో అందరూ అనేది అలాగే). మావాడు ఏన్షియంట్ హిస్టరీ. లాటిన్ అమ్మాయి జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) దాకా చదివి ఆపేసింది. అప్పుడు విభక్తుల పట్టికలు అప్పజెప్పించుకున్నది నేనే. అలా మూడూ మా ఇంట్లో తిరిగిన పుస్తకాలే. ఇదంతా ఇంగ్లండ్ ఏ-లెవెల్స్ సంగతి, స్కాట్లండ్ పద్ధతి వేరు.

ముందు పేర్ల గందరగోళం

క్లాసిక్స్ అంటే ఇక్కడ పాత గ్రీసు, పాత రోముల చదువు మొత్తం. ఏ-లెవెల్‌కి వచ్చేసరికి అది నాలుగు సబ్జెక్టులవుతుంది. లాటిన్, క్లాసికల్ గ్రీక్ భాషలు. ఏన్షియంట్ హిస్టరీ, క్లాసికల్ సివిలైజేషన్ భాష రాకపోయినా చదువుకోగలిగేవి, అన్నీ ఇంగ్లిష్ అనువాదాల్లోనే. ఈ చివరి రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. క్లాస్ సివ్‌లో ఎక్కువ పాలు సాహిత్యం, నాటకం, శిల్పం, మతం, ఆలోచనలు. ఏన్షియంట్ హిస్టరీ అచ్చంగా చరిత్రే. యుద్ధాలు, ఒప్పందాలు, చక్రవర్తులు, అవన్నీ మనకి ఎవరు చెప్పారు, వాళ్ళని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది.

పరీక్షలు పెట్టే బోర్డు గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. క్లాస్ సివ్ ఒకప్పుడు ఏక్యూఏలో కూడా ఉండేది, వాళ్ళు మానేశారు. ఇప్పుడు క్లాస్ సివ్ అయినా ఏన్షియంట్ హిస్టరీ అయినా ఓసీఆర్ ఒక్కటే.

ఒక్క వాక్యం, మూడు క్లాసులు

తేడా సిలబస్ కాగితం చూస్తే తెలియదు. ఒక్క వాక్యం పట్టుకుని చూస్తే తెలుస్తుంది. మా మరిదికి చెప్పింది కూడా ఇదే.

రోమ్ మొదటి చక్రవర్తి ఆగస్టస్ తన జీవితంలో చేసిన పనుల జాబితా తనే రాసుకున్నాడు. క్రీ.శ. 14లో పోయాడు. తన సమాధి ముందు కంచు స్తంభాల మీద చెక్కించమని చెప్పి మరీ పోయాడు. ఆ కంచు ఇప్పుడు లేదు. టర్కీలో అంకారాలో ఒక గుడి గోడ మీద చెక్కిన ప్రతి మిగిలింది. దాన్ని రెస్ గెస్తై అంటారు. అందులో 31వ భాగం ఇలా మొదలవుతుంది: "అద్ మే ఎక్స్ ఇండియా రేగుం లెగాతియోనేస్ సైపే మిస్సై సుంత్."

లాటిన్ క్లాసులో దీన్ని విడగొడతారు. అద్ మే, నా దగ్గరికి. ఎక్స్ ఇండియా, ఇండియా నుంచి. రేగుం, రాజుల. లెగాతియోనేస్, రాయబారాలు. సైపే, తరచుగా. మిస్సై సుంత్, పంపబడ్డాయి. వరసగా చదవండి: నా దగ్గరికి, ఇండియా నుంచి, రాజుల రాయబారాలు, తరచుగా పంపబడ్డాయి. ఇంగ్లిష్ పిల్లలు ఈ మాటల్ని కిందా మీదా చేసి పేర్చుకోవాలి. మనకి ఉన్నది ఉన్నట్టు తెలుగు వాక్యం. క్రియ చివర్లో వచ్చింది, "రాజుల" అన్న షష్ఠీ విభక్తి మాట చివరే అతుక్కుని ఉంది. అద్, ఎక్స్ లాంటివి మాటకి ముందు రావడం ఒక్కటే కొత్త. (రేగుం మన "రాజ" శబ్దానికి దగ్గర చుట్టం. సంస్కృతం, లాటిన్ ఒకే పెద్ద కుటుంబం కదా.) ప్రతి వాక్యమూ ఇంత మర్యాదగా ఉండదు, కవిత్వంలో అయితే విశేషణం ఒక చోట, నామవాచకం మూడు మాటల అవతల. ఆ చిక్కుముడి విప్పడంలో మజా ఉన్న పిల్లలకి లాటిన్ పండగ. మిగతావాళ్ళకి శిక్ష.

ఏన్షియంట్ హిస్టరీ క్లాసులో ఇదే వాక్యాన్ని అనుమానిస్తారు. "తరచుగా" అన్నాడు, ఎన్నిసార్లు? రాసింది తనే, పొగిడింది తన్నే. ఇంకెవరైనా చెప్పారా? చక్రవర్తుల జీవితకథలు రాసిన సూటోనియస్ చెప్పాడు, కానీ చాలా తర్వాత. డమాస్కస్‌కి చెందిన నికొలాస్ అనే ఆయన, ఆగస్టస్ కాలంవాడే, అంతియోక్‌లో ఇండియా రాయబారుల్ని స్వయంగా చూశానన్నాడు. ఆ సంగతి స్ట్రాబో తన భూగోళ గ్రంథంలో ఎత్తి రాశాడు. దూర ప్రయాణానికి తట్టుకోలేక చాలామంది పోయి ముగ్గురే మిగిలారట. తోలు మీద గ్రీకులో రాసిన ఉత్తరం, కానుకలుగా చేతుల్లేని ఒక మనిషి, పెద్ద పాములు, తాబేలు, రాబందుకంటే పెద్ద కౌజుపిట్ట. మరి ఇది ఒక్క రాయబారమేనా, చాలా వాటిలో ఒకటా? ఆ ప్రశ్న దగ్గర ఆగి, ఏ సాక్ష్యానికి ఎంత బరువు ఇవ్వాలో తూచడమే ఆ సబ్జెక్టు. ఆ రాజులు మన శాతవాహనులేమో అని మా మరిది ఆశపడ్డాడు. స్ట్రాబో చెప్పే పేర్లు పాండియన్, పోరస్. మురిసిపోవడానికి మనకేం దొరకలేదు.

క్లాస్ సివ్‌లో, "ఇంపీరియల్ ఇమేజ్" అన్న పేపర్ తీసుకున్నవాళ్ళు ఇదే వాక్యాన్ని ఇంకోలా చూస్తారు. రాయబారాలు నిజంగా వచ్చాయా అన్నది కాదు, వచ్చాయని జనానికి చెప్పుకోవడం వల్ల ఆయనకేం ఒరిగింది? వాక్యం రెండో సగంలో "నాకు ముందు ఏ రోమన్ సేనాని దగ్గరా ఇలాంటివి చూడలేదు" అంటాడు. దాని పక్కన ప్రీమా పోర్టా విగ్రహం పెడతారు. ఆగస్టస్ కవచం మధ్యలో, ఎప్పుడో క్రీ.పూ. 53లో రోమన్లు పోగొట్టుకున్న సైనిక ధ్వజాన్ని పార్థియన్ (తూర్పున రోముకి శత్రువైన రాజ్యంవాడు) తిరిగి ఇచ్చేస్తున్న దృశ్యం. కాళ్ళకి చెప్పుల్లేవు, దేవుళ్ళ విగ్రహాల్లో లాగా. కాలి పక్కన డాల్ఫిన్ మీద వీనస్ కొడుకు, బుజ్జి క్యూపిడ్, అంటే మా వంశం వీనస్ దేవతదని చెప్పకనే చెప్పడం. మన దగ్గర ఎన్నికలప్పుడు కట్టే ఫ్లెక్సీలు చూసిన పిల్లలకి ఈ పేపర్ ఇట్టే ఎక్కుతుంది.

ఈ మూడింటిలో ఏది చదువుతుంటే మీ అమ్మాయి కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంటుందో అదే ఆమె సబ్జెక్టు. ఇక నేను చెప్పేదంతా ఈ ఒక్క ముక్కకి వివరణే.

క్లాస్ సివ్ లోపల ఏముంది

మూడు పేపర్లు. అందరూ రాయాల్సింది "వరల్డ్ ఆఫ్ ద హీరో", 40 శాతం, 2 గంటల 20 నిమిషాలు. గ్రీకు కవి హోమర్ ఇతిహాసాలు ఇలియడ్ లేదా ఒడిస్సీ, దానితో పాటు రోమన్ కవి వర్జిల్ ఇతిహాసం ఇనీయడ్. మిగతా రెండూ 30 శాతం చొప్పున, ఒక్కొక్కటి గంటా 45 నిమిషాలు. ఒకటి కళలు, సంస్కృతి వైపుది: గ్రీకు నాటకం, గ్రీకు శిల్పకళ, ఇంపీరియల్ ఇమేజ్ (పైన చెప్పిన ఆగస్టస్ పేపర్), గ్రీకులు పరాయివాళ్ళని "బార్బేరియన్లు"గా ఎలా ఊహించుకున్నారన్నది. ఇంకోటి నమ్మకాలు, ఆలోచనల వైపుది: గ్రీకు మతం, ప్రేమ-సంబంధాలు, ఏథెన్స్ ప్రజాస్వామ్యం, చివరినాటి రోమన్ రిపబ్లిక్ రాజకీయాలు. ఒక్కో గుంపులో నాలుగేసి ఉన్నాయని సంబరపడకండి. ఎంచుకునేది పిల్ల కాదు, స్కూలు. టీచరుకి ఏది వస్తే అది. కాబట్టి ఓపెన్ ఈవెనింగ్‌లో మొదట అడగాల్సిన ప్రశ్న: మీరు ఏ పేపర్లు చెబుతారు, హోమర్‌లో ఏది చెబుతారు?

ఇలియడ్ 22వ సర్గలో ఒక చోటుంది. ట్రాయ్ వీరుడు హెక్టర్ కోట బయట గ్రీకు వీరుడు అకిలీజ్ చేతిలో చనిపోయాడు. భార్య ఆండ్రొమకీకి ఇంకా తెలియదు. లోపల గదిలో మగ్గం మీద పూల అల్లికతో ఊదారంగు బట్ట నేస్తోంది. యుద్ధం నుంచి వచ్చే మనిషికి వేడి నీళ్ళు కావాలని, పెద్ద కాగు పొయ్యి మీద పెట్టమని దాసీలకి పురమాయిస్తుంది. అప్పుడు గోడ వైపు నుంచి ఏడుపులు. చేతిలోంచి నాడె జారి కింద పడుతుంది. పరిగెత్తుకెళ్ళి చూస్తే అకిలీజ్ గుర్రాలు అతన్ని ఈడ్చుకెళ్తున్నాయి. స్పృహ తప్పుతుంది, పెళ్ళినాడు ఆఫ్రొడైటీ ఇచ్చిన మేలిముసుగు తలమీంచి ఊడి పడిపోతుంది.

మా అమ్మాయి మొదటి వ్యాసం దీని మీదే. రెండు పేజీలు కళ్ళనీళ్ళు వచ్చేలా రాసింది. టీచర్ కింద ఒక్క లైను రాసి పంపారు: కథ బాగా చెప్పావు, ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మార్కు గురించి చెప్పకపోవడమే మంచిది.

మన పిల్లలు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. ఇంట్లో అమ్మమ్మలు చెప్పిన భారతం, రామాయణం విని పెరిగినవాళ్ళు. శాపాలు, దేవుళ్ళు పక్షాలు కట్టడం, చావు తెలిసీ యుద్ధానికి వెళ్ళడం వాళ్ళకి వింత కాదు. హెక్టర్‌ని చూడగానే కర్ణుడు గుర్తొస్తాడు. అది లాభమే. కానీ పరీక్షలో కథ చెబితే మార్కులు రావు. ఆ వేడి నీళ్ళు అక్కడ ఎందుకు పెట్టాడు కవి? వినేవాళ్ళకి తెలిసినది ఆమెకి తెలియకపోవడం వల్ల ఏం పుడుతోంది? వీరుడి కీర్తికి ఇంట్లో ఆడవాళ్ళు కట్టే ఖరీదు గురించి హోమర్ ఏమంటున్నట్టు? పెద్ద వ్యాసాల్లో ఈనాటి పండితుల అభిప్రాయాలు తెచ్చి, ఒప్పుకుంటున్నావో లేదో కూడా చెప్పాలి. చదివినదాన్నే రెండోసారి చదివి, ఇది ఎలా కట్టాడు అని చూసే ఓపిక కావాలి. కథ తెలిసిపోయాక పుస్తకం పక్కన పడేసే రకమైతే రెండేళ్ళు బోరు కొడుతుంది.

"ఈజీ సబ్జెక్టట కదా" అన్న మాట మీద నాకు కోపం. గ్రీకు, లాటిన్ అక్కర్లేదు కాబట్టి తేలిక అనుకుంటారు. ఏడాది చివర మా డైనింగ్ టేబుల్ మీద ఉన్నవి: ఒక ఇతిహాసం, ఇంకో ఇతిహాసం, మూడు నాటకాలు (సోఫోక్లిస్ ఈడిపస్, యురిపిడిస్ బాకై, అరిస్టోఫనిస్ కప్పలు), కుండల మీద బొమ్మల ఫొటోలు, రంగస్థలం కొలతలు. అన్నిట్లోంచీ ఉదాహరణలు నోటికి ఉండాలి, పుస్తకం పరీక్ష హాల్లోకి రాదు.

ఏన్షియంట్ హిస్టరీ ఎవరికి

రెండే పేపర్లు, సగం సగం, ఒక్కోటి రెండున్నర గంటలు. ఒకటి గ్రీసు, ఒకటి రోము. గ్రీసులో క్రీ.పూ. 492 నుంచి 404 దాకా, అంటే పర్షియన్ల దండయాత్ర మొదలు స్పార్టా చేతిలో ఏథెన్స్ ఓడిపోయేవరకు తప్పనిసరి. రోములో క్రీ.పూ. 31 నుంచి క్రీ.శ. 68 దాకా, ఆగస్టస్ నుంచి నీరో వరకు. ఒక్కోదానికీ ఇంకో లోతైన అంశం కలుస్తుంది: స్పార్టా సమాజం, ఏథెన్స్, మాసిడోనియా ఎదగడం లాంటివి ఒక వైపు, రిపబ్లిక్ కూలిపోవడం, ఫ్లేవియన్లు (నీరో తర్వాత వచ్చిన చక్రవర్తుల వంశం), రోమన్ల కింద బ్రిటన్ ఇంకో వైపు.

అలెగ్జాండర్, స్పార్టా అంటూ సినిమాలు చూసి చేరే మగపిల్లలు ఉంటారు. మావాడు వాళ్ళలో ఒకడు. మొదటి టర్మ్‌లో వాడికి తగిలిన షాక్ ఏమిటంటే, క్లాసులో యుద్ధం కంటే యుద్ధం గురించి రాసినవాడి మీద ఎక్కువ సేపు మాట్లాడతారు. క్రీ.శ. 64లో రోమ్ తగలబడింది. అప్పుడు నీరో ఊళ్ళో లేడు, ఆంటియం అనే ఊళ్ళో ఉన్నాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మంటలు చూస్తూ ట్రాయ్ నాశనం గురించి పాడాడన్నది జనంలో పుట్టిన పుకారని కూడా ఆయనే అన్నాడు. సూటోనియస్ దగ్గరికి వచ్చేసరికి పుకారు కాస్తా జరిగిన సంగతైపోయింది, గోపురం పేరుతో సహా. ఆ తేడా కనిపించి నవ్వొచ్చిన రోజు నుంచి వాడు ఆ సబ్జెక్టులో పడ్డాడు. వాట్సాప్‌లో పెదనాన్న పంపిన ఫార్వర్డుల్ని కూడా అదే చూపుతో చూడ్డం మొదలెట్టాడు, అది వేరే గొడవ.

తేదీలు, పేర్లు గుర్తుంటాయా, వాదన కట్టడం వచ్చా, అయితే ఇది. కవిత్వం, నాటకం అంటే ఆసక్తి లేని పిల్లకి క్లాస్ సివ్ కన్నా ఇదే నయం. రెండూ కలిపి తీసుకోనా అని కొందరు అడుగుతారు. నేనైతే వద్దంటాను. రిపబ్లిక్ చివరి రోజులు రెండు చోట్లా వచ్చే అవకాశం ఉంది, పైగా మూడు సబ్జెక్టుల్లో రెండు ఒకే రెండు ఊళ్ళ చుట్టూ తిరుగుతాయి.

లాటిన్ అంటే ఇంటర్‌లో సంస్కృతం కాదు

ఈ ముక్క మన వాళ్ళకే ప్రత్యేకంగా చెప్పాలి. మనలో చాలామంది ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం తీసుకున్నాం. ఎందుకు? మార్కులకి. నాకు తొంభై పైన వచ్చాయి. ఈ రోజు ఒక్క శ్లోకం ముందు పెట్టి అర్థం చెప్పమంటే తెల్లమొహమే. ఆ అనుభవంతో "పాత భాష కదా, బట్టీ పడితే స్కోరు చేయొచ్చు" అని లాటిన్ వైపు చూసే తల్లిదండ్రులు ఉన్నారు. ఏ-లెవెల్ లాటిన్‌లో మూడో వంతు మార్కులు ఎప్పుడూ చూడని భాగాన్ని అనువదించడానికి. ఇంకో 17 శాతం ఇంగ్లిష్‌ని లాటిన్‌లోకి రాయడానికో, చూడని గద్యం చదివి జవాబులివ్వడానికో. మిగతా సగం నిర్ణయించిన గద్యం, పద్యం, వాటి మీద విమర్శ. అంటే సగం పరీక్ష బట్టీకి అందదు.

జీసీఎస్ఈ లాటిన్ లేకుండా ఏ-లెవెల్‌కి వెళ్ళడం దాదాపు జరగని పని. స్కూళ్ళు కూడా అక్కడ మంచి గ్రేడ్ ఉంటేనే తీసుకుంటాయి. ఇది మామూలు సర్కారు బడుల్లో దొరకడమే కష్టం. కొన్ని బడుల్లో లాటిన్ నేర్పడానికి ప్రభుత్వం డబ్బిచ్చిన పథకం ఒకటి ఉండేది, 2025 ఫిబ్రవరిలో, సరిగ్గా విద్యా సంవత్సరం మధ్యలో ఆపేశారు. గ్రీకు ఇంకా అరుదు. మీ పిల్ల స్కూల్లో గ్రీకు ఉందంటే, దాని గురించి చెప్పడానికి అక్కడ నాకంటే తెలిసినవాళ్ళు ఉంటారు.

లాటిన్ ఇప్పటికే బాగా వస్తూ, భాషంటే ప్రాణం పెట్టే పిల్లయితే మాత్రం క్లాస్ సివ్ కోసం దాన్ని వదలకండి. అనువాదంలో ఎప్పుడైనా చదువుకోవచ్చు. పదహారేళ్ళప్పుడు ఆపేసిన భాషని మళ్ళీ పట్టుకోవడం ఎంత కష్టమో మా అమ్మాయి ఇప్పుడు చెబుతోంది.

హిస్టరీ, ఇంగ్లిష్ లిటరేచర్‌తో పోలిస్తే

చాలా ఇళ్ళలో అసలు పోటీ వీటితోనే. ఒక పెద్ద తేడా: మామూలు హిస్టరీ, ఇంగ్లిష్ లిటరేచర్ రెంటిలోనూ 20 శాతం కోర్స్‌వర్క్. క్లాస్ సివ్, ఏన్షియంట్ హిస్టరీల్లో అది లేదు, మొత్తం చివర్లో రాసే పరీక్షే. నింపాదిగా ఇంట్లో కూర్చుని బాగా రాసే పిల్ల, పరీక్ష హాల్లో చేతులు చల్లబడే పిల్ల అయితే ఇది ఆలోచించాల్సిన విషయం. అదే కోర్స్‌వర్క్ గడువంటే ఇల్లంతా టెన్షన్ పెట్టే పిల్లయితే లెక్క తిరగబడుతుంది.

మ్యాథ్స్, కెమిస్ట్రీ పక్కన ఒక వ్యాసాల సబ్జెక్టు పెట్టుకోవడం మంచి పొందికే. కానీ హిస్టరీ, ఇంగ్లిష్, క్లాస్ సివ్ మూడూ పెట్టుకుంటే వారానికి చదవాల్సిన పేజీలు, రాయాల్సిన వ్యాసాలు ఒకేసారి మీద పడతాయి. తట్టుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళని ఎవరూ ఆపక్కర్లేదు.

మరి సీటు? ఉద్యోగం?

మా మరిది అసలు అడగదలుచుకున్నది ఇదేనని నాకు మొదటి నిమిషంలోనే తెలుసు. హెచ్ఈసీ తీసుకున్న పిల్లల్ని చూసి జాలిపడిన ఊళ్ళోంచి వచ్చినవాళ్ళం కదా అందరం.

ముందు తలుపులు మూసేసేవి ఏవో చూడండి. మెడిసిన్ అన్న ఆలోచన పది శాతం ఉన్నా కెమిస్ట్రీతో పాటు బయాలజీ ఉంచుకోవడం మేలు, చాలా మెడికల్ స్కూళ్ళు ఆ రెండూ అడుగుతాయి. అక్కడ మూడోది క్లాస్ సివ్ అయితే సాధారణంగా అడ్డు రాదు. ఇంజనీరింగ్‌కి మ్యాథ్స్, ఫిజిక్స్ కావాలి. అప్పుడు కూడా మూడో సీటు ఖాళీనే. లా అయితే ఫలానా సబ్జెక్టు ఉండాలన్న నియమం లేదు, వాదన కట్టడం నేర్పే ఏదైనా పనికొస్తుంది. యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ) పాయింట్లలో ఏ స్టార్‌కి 56, ఏకి 48. ఫిజిక్స్‌ది ఎక్కువా క్లాస్ సివ్‌ది తక్కువా అని ఉండదు.

ఒకప్పుడు రస్సెల్ గ్రూప్ (పేరున్న పెద్ద యూనివర్సిటీల కూటమి) యూనివర్సిటీలు "ఫెసిలిటేటింగ్ సబ్జెక్ట్స్" అని ఒక జాబితా ఇచ్చేవి. హిస్టరీ, భాషలు అందులో ఉండేవి, క్లాస్ సివ్ ఉండేది కాదు. ఇప్పటికీ మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ జాబితా ఫొటో తిరుగుతూనే ఉంది. దాన్ని వాళ్ళే 2019లో ఎత్తేశారు. ఆ ఫొటో చూసి నిర్ణయం మార్చుకోవద్దు. చేరాలనుకునే కోర్సు పేజీ తెరిచి, ఏం కావాలో అక్కడే చూడండి.

క్లాసిక్స్‌లోనే డిగ్రీ చేయాలనుకుంటే? భాష లేనంత మాత్రాన దారి మూసుకుపోదు. కేంబ్రిడ్జిలో ఏ-లెవెల్ లాటిన్ లేనివాళ్ళకి నాలుగేళ్ళ కోర్సు ఉంది, మొదటి ఏడాది భాషకే. ఆక్స్‌ఫర్డ్‌లోనూ భాషని అక్కడికెళ్ళి మొదలుపెట్టే వీలుంది. క్లాసికల్ స్టడీస్, ఏన్షియంట్ హిస్టరీ పేర్లతో చాలా చోట్ల భాష అడగని డిగ్రీలున్నాయి. మా అమ్మాయి చివరికి ఎకనామిక్స్‌లో చేరింది. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ఏథెన్స్‌లో చీటీ వేసి అధికారుల్ని ఎంచుకునే పద్ధతి గురించి ఒక పేరా రాసింది, అంతే.

స్కూల్లో లేకపోతే

దగ్గర్లోని సిక్స్త్ ఫామ్ కాలేజీల్లో చూడండి, పెద్ద కాలేజీల్లో దొరికే అవకాశం ఎక్కువ. జీసీఎస్ఈలో క్లాస్ సివ్ చదవలేదని భయపడక్కర్లేదు, ఏ-లెవెల్ సున్నా నుంచే మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో మంచి గ్రేడ్ ఉందా అన్నదే చూస్తారు. కోర్స్‌వర్క్ లేదు కాబట్టి ప్రైవేట్ క్యాండిడేట్‌గా కూడా రాయొచ్చు, రాయనిచ్చే సెంటర్ ముందే వెతుక్కోవాలి. కానీ పక్కన వాదించే మనిషి లేకుండా ఇలియడ్ చదవడం ఒంటరి పని. మొండి పిల్లలకే అది.

ఓపెన్ ఈవెనింగ్‌లో ఏ పేపర్లు అన్నది కాక ఇంకో రెండు ప్రశ్నలు. చెప్పే టీచర్ క్లాసిక్స్ చదివినవారేనా, లేక టైమ్‌టేబుల్ ఖాళీగా ఉన్న ఇంకో సబ్జెక్టు వారా? ఎంతమంది చేరితే క్లాసు నడుపుతారు? రెండోది చాలా ముఖ్యం. మాకు తెలిసిన ఒకరి పిల్లకి ఆగస్టులో రిజల్ట్స్ వచ్చాక, "నలుగురే వచ్చారు, ఈ ఏడాది నడపడం లేదు" అని చెప్పారు. అప్పుడు హడావుడిగా ఏదో ఒకటి పెట్టించుకుని రెండేళ్ళు ఈడ్చింది. రెండో ఎంపిక కూడా ఇష్టమైనదే రాసుకోండి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక శనివారం బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్ళండి, టికెట్ లేదు. 18వ గదిలో ఏథెన్స్ గుడి పార్థెనాన్ శిల్పాలు. గోడ పొడుగునా గుర్రాల మీద కుర్రాళ్ళు. అక్కడ చూశాక 33ఎ గదికి నడవండి. మన అమరావతి అక్కడుంది. పల్నాటి సున్నపురాయి మీద స్తూపం బొమ్మే చెక్కిన పలక, చుట్టూ జనం. 1880 నుంచి ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. రెండు చోట్లా పిల్లని ఏమీ చెప్పకుండా వదిలేయండి. ఏం అడుగుతుందో వినండి. "వీళ్ళ ముఖాలన్నీ ఒకేలా ఎందుకున్నాయి, ఇలా ఎందుకు చెక్కారు" అంటే క్లాస్ సివ్. "ఎవరు డబ్బిచ్చారు, ఎప్పుడు, ఇక్కడికి ఎలా వచ్చాయి" అంటే ఏన్షియంట్ హిస్టరీ. రాత కనిపించగానే దగ్గరికెళ్ళి అక్షరాలు కూడబలుక్కుంటే లాటిన్. "కాఫీ ఎక్కడ" అంటే బయాలజీ గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు.

మా మరిది నిజంగానే తీసుకెళ్ళాడు. ముందు 18లో అరగంట, తర్వాత 33ఎలో గంట. మచిలీపట్నం తీరం నుంచి సన్నని నూలు బట్టలు వెళ్ళేవని, ఆ సీమని మసాలియా అంటారని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకంలో ఉందని నేను ఫోన్లో చెబితే, కూతురు "ఆ పుస్తకం ఎవరు రాశారు పెద్దమ్మా, వాళ్ళు నిజంగా అక్కడికి వెళ్ళారా" అని అడిగింది. అప్పటిదాకా క్లాస్ సివ్ అంటున్న పిల్ల. ఫోన్ పెట్టేలోగా మనసు ఏన్షియంట్ హిస్టరీకి తిరిగింది. ఆప్షన్ల ఫారం మార్చడానికి మా మరిది సోమవారం స్కూలుకి వెళ్ళాడు. మాసిడోనియా చెబుతారా, స్పార్టా చెబుతారా అన్నది మాత్రం అడగడం మర్చిపోయి వచ్చాడు.